పైరేట్ ఓడలో ఎమ్మారై

కొత్త ఎమ్మారై మెషీన్‌ని ఆస్పత్రిలో బిగించారని తెలియగానే డగ్ డీట్జ్ చూసొద్దామని బయల్దేరాడు. దాని వెనక రెండున్నరేళ్ల కష్టం ఉంది మరి. చేసిన వస్తువును ఫ్యాక్టరీలో చూసుకోవడం వేరు, అది వాడకంలోకి వచ్చాక రోగుల మధ్య చూసుకోవడం వేరు.

డీట్జ్‌ది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం. అప్పటికి జీఈ హెల్త్‌కేర్‌లో ఇరవై ఏళ్లకు పైబడి డిజైనర్‌గా చేస్తున్నాడు. ఎమ్మారై, సీటీ స్కానర్ల లోపలి సంగతులు ఇంజినీర్లు చూసుకుంటారు. మెషీన్ బయటికి ఎలా కనబడాలి, బల్ల ఎలా కదలాలి, టెక్నీషియన్ చేతికి ఏది ఎక్కడ అందాలి అన్నవి తేల్చేది ఇలాంటి డిజైనర్లు. ఆ రోజు స్కానింగ్ గదిలో మెషీన్ పక్కనే నిలబడి, దాన్ని నడిపే టెక్నీషియన్‌తో డీట్జ్ ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. దీన్ని అంతర్జాతీయ డిజైన్ అవార్డుకి పంపామని చెప్పాడు. సినిమావాళ్లకు ఆస్కార్ ఎంతో డిజైనర్లకు ఆ అవార్డు అంత. కొత్తగా పెట్టిన సదుపాయాలు మీకు ఎలా ఉన్నాయని అడిగాడు. ఆమెకు నచ్చాయి. ఇక తృప్తిగా బయల్దేరబోతుండగా టెక్నీషియన్ ఆపింది. పేషెంట్‌ను తీసుకొస్తున్నారు, ఒక్క నిమిషం బయట ఉంటారా అని అడిగింది.

డీట్జ్ వరండాలోకి వచ్చాడు. ఎదురుగా ఓ చిన్న పాప నడిచొస్తోంది. బక్కపల్చటి పిల్ల. ఒక చెయ్యి అమ్మ పట్టుకుంది, ఒక చెయ్యి నాన్న పట్టుకున్నాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఆందోళన. స్కానింగ్ గది దగ్గరపడుతున్నకొద్దీ పాప వెక్కడం మొదలుపెట్టింది. వాళ్లు తనను దాటుతున్నప్పుడు తండ్రి గొంతు తగ్గించి పాపతో అంటున్న మాట డీట్జ్ చెవినపడింది. దీని గురించి ముందే అనుకున్నాం కదా, నువ్వు ధైర్యంగా ఉండగలవని చెబుతున్నాడాయన. చెప్పేవాడి గొంతే బిగుసుకుపోయి ఉంది. పాప బుగ్గల మీద కన్నీళ్లు జారిపోతున్నాయి.

టెక్నీషియన్ ఫోన్ అందుకుంది. మత్తు డాక్టర్‌ను పిలవడానికి.

ఎందుకని అడిగితే అప్పుడు తెలిసింది డీట్జ్‌కి. స్కానింగ్‌కి వచ్చే పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి మత్తు ఇవ్వాల్సి వస్తోంది. భయంతో వాళ్లు కదలకుండా పడుకోలేరు. ఆ సమయానికి మత్తు డాక్టర్ దొరక్కపోతే స్కానింగ్ వాయిదా పడుతుంది. ఇంటికి వెళ్లి మరో రోజు రావాలి. ఆ కుటుంబం మళ్లీ అదే దిగులుతో రాత్రి గడపాలి.

ఎన్నో ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషికి ఈ సంగతి తెలియకపోవడం ఏమిటని అనిపించవచ్చు. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. మెషీన్ కొనేది ఆస్పత్రి యాజమాన్యం. ఎంచేది రేడియాలజిస్ట్. నడిపేది టెక్నీషియన్. కంపెనీ వీళ్లందరినీ అడుగుతుంది. బొమ్మ ఎంత స్పష్టంగా వస్తోంది, ఎంతసేపట్లో వస్తోంది, ఖర్చెంత అని లెక్కలు వేస్తుంది. అందులో పడుకునే ఆరేళ్ల పిల్ల ఆ లెక్కల్లో ఎక్కడా ఉండదు.

ఇంతకీ ఆ పిల్ల దేనికి భయపడింది? ఎమ్మారై అంటే ముఖ్యంగా ఒక పెద్ద అయస్కాంతం. ఆస్పత్రుల్లో మామూలుగా వాడే 1.5 టెస్లా మెషీన్ శక్తి భూమి అయస్కాంత క్షేత్రం కంటే సుమారు 30,000 రెట్లు ఎక్కువ. దాని తీగచుట్టలను ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. మన ఒంట్లోని నీళ్లలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు ఆ అయస్కాంతానికి లోబడి వరసకొస్తాయి. రేడియో తరంగాలతో వాటిని కదిలిస్తే, తిరిగి సర్దుకుంటూ అవి ఇచ్చే సంకేతాల నుంచి లోపలి అవయవాల బొమ్మ తయారవుతుంది. ఎక్స్‌రే కిరణాలు ఉండవు, సూదులు గుచ్చి చూసే అవసరం ఉండదు, నొప్పి అసలే ఉండదు. వైద్యానికి ఇది పెద్ద వరం. కానీ ఆ సంకేతాలు అందాలంటే లోపలి మరికొన్ని తీగచుట్టల్లో కరెంటు క్షణక్షణం మారుతుండాలి. అలా మారినప్పుడల్లా అవి అదురుతాయి. ఆ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. పెద్దవాళ్లకే చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టి పంపిస్తారు. దీనికితోడు ఇరవై నిమిషాల నుంచి గంటదాకా ఇరుకు సొరంగంలో కదలకుండా ఉండాలి. కాస్త కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, మళ్లీ మొదలుపెట్టాలి.

మత్తు ఇచ్చేస్తే పోలా అంటే, దాని తిప్పలు దానివి. ముందు గంటల తరబడి పిల్లను పస్తుంచాలి. సూది పెట్టాలి. స్కానింగ్ జరిగినంతసేపూ ఊపిరి, గుండె, ఆక్సిజన్ గమనించే మనిషి పక్కనే ఉండాలి. తర్వాత మెలకువ వచ్చి తేరుకునేదాకా కనిపెట్టుకోవాలి. అరగంట పరీక్షకు పూట పోతుంది. శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో మత్తు సురక్షితమే. అయినా అవసరం లేని పిల్లకు ఏ తల్లి ఇప్పించుకుంటుంది?

*

ఆ పాప వెళ్లాక డీట్జ్ ఒక పని చేశాడు. మోకాళ్ల మీద వంగి, పాప కళ్లుండే ఎత్తు నుంచి ఆ గదిని చూశాడు.

ఎంతోకాలంగా తెలిసిన తరహా గదే. ఆ ఎత్తు నుంచి మాత్రం కొత్తగా కనిపించింది. తలుపు మీద హెచ్చరిక బోర్డు. దాని మీద అయస్కాంతం గుర్తు, పక్కన ఆశ్చర్యార్థకం. నేల మీద పసుపు, నలుపు చారల టేపు, పోలీసులు నేరం జరిగిన చోట కట్టే టేపు లాంటిది. మసకగా మిణుకుమనే ట్యూబులైట్లు. గోడలు, నేల, మెషీన్ అన్నీ ఒకే వెలిసిన లేత గోధుమ రంగు. మధ్యలో తను రెండున్నరేళ్లు మలిచిన అందమైన ఒంపుల యంత్రం. కింది నుంచి చూస్తే అది చిల్లు పెట్టిన పెద్ద ఇటుకలా ఉందని తర్వాత డీట్జే చెప్పాడు.

ఆ టేపు, ఆ బోర్డు ఊరికే పెట్టలేదు. ఇనుప వస్తువు ఏదైనా ఆ అయస్కాంతం దగ్గరికి వెళ్తే ఎగిరొచ్చి తగులుతుంది, ప్రాణాలు పోవచ్చు. పెద్దవాళ్లను హెచ్చరించాల్సిందే. కానీ అదే టేపు దాటి లోపలికి రమ్మని పిల్లను పిలుస్తున్నాం. ఇక్కడ ప్రమాదం ఉందని బొమ్మలు వేసి చెబుతూనే, ఏమీ కాదు పడుకో అంటున్నాం. పిల్లలు ఇందులో దేన్ని నమ్ముతారు?

మన ఇళ్లలో సంగతే చూడండి. అన్నం తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఇంజెక్షన్ వేయిస్తానని చెప్పి పెంచుతాం. తీరా నిజంగా ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఏడవకు, మంచి పిల్లవి కదా అని బతిమాలతాం. పిల్ల ఏడిస్తే మొండి చేస్తోందని చిరాకుపడతాం. ఆ భయంలో ఎంతో తెలివి ఉంది. మనం ఇన్నేళ్లూ చెప్పినది, ఆ గదిలో ఎదురుగా కనిపిస్తున్నది కలిపి చూసుకుని ఆ పిల్ల ఒక నిర్ణయానికొచ్చింది. దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

డీట్జ్‌కి ఇది అక్కడితో మరిచిపోయే సంగతిగా అనిపించలేదు. తన పనంతా ఇంతేనా అన్న బాధతో ఇంటికి వెళ్లాడు. స్నేహితులను, తోటి ఉద్యోగులను సలహా అడిగాడు. అతని పైఅధికారికి అంతకుముందు వేరే కంపెనీలో ఉండగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని డి.స్కూల్ గురించి తెలిసింది. డేవిడ్ కెల్లీ నెలకొల్పిన డిజైన్ విద్యాకేంద్రం అది. అక్కడ వారం రోజుల కోర్సు ఉంది, వెళ్లి చూడమన్నాడు. డీట్జ్ కాలిఫోర్నియా విమానం ఎక్కాడు.

అక్కడ నేర్పేది వినడానికి మరీ మామూలుగా ఉంటుంది. వస్తువు దగ్గర మొదలుపెట్టొద్దు, మనిషి దగ్గర మొదలుపెట్టు. అతను ఉండే చోటికి వెళ్లి కూర్చుని చూడు. అడుగు, విను. తోచిన ఆలోచనను అట్టముక్కలతోనో చేతికి దొరికిన మరోదానితోనో వెంటనే చేసి, వాడేవాళ్ల చేతిలోనే పెట్టి చూడు. పనికిరాలేదా, మార్చు. ఇరవై ఏళ్లుగా మెషీన్ దగ్గర మొదలుపెట్టి మనిషి దగ్గరికి వస్తున్నవాడికి ఈ వరస తిరగేసిన తీరు బాగా ఎక్కింది.

*

తిరిగొచ్చాక కంపెనీ అతనికి పెద్ద బడ్జెట్ ఇచ్చిందేమీ లేదు. ప్రాజెక్టు కూడా కాదది. డీట్జ్ ముందు ఒక డేకేర్ సెంటర్‌కి వెళ్లాడు. పిల్లలు ఎలా ఆడతారో, ఎందుకు ఏడుస్తారో, ఏడుస్తున్నవాళ్లు ఉన్నట్టుండి ఎలా ఊరుకుంటారో చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత చైల్డ్ లైఫ్ స్పెషలిస్టులను కలిశాడు. మన దగ్గర ఈ ఉద్యోగం అంతగా తెలియదు కాబట్టి నాలుగు మాటలు. అమెరికా పిల్లల ఆస్పత్రుల్లో వీళ్లు డాక్టర్లూ కాదు, నర్సులూ కాదు. జరగబోయే పరీక్ష గురించి, ఆపరేషన్ గురించి పిల్లకు అర్థమయ్యే భాషలో చెప్పడం, ఆటబొమ్మల మీద చేసి చూపించడం, భయపడుతున్నప్పుడు తోడుండటం వీళ్ల పని. దానికి ప్రత్యేకంగా చదువు, శిక్షణ ఉన్నాయి. ఏ పిల్ల ఏ క్షణంలో బెదిరిందో కళ్లారా చూసినవాళ్లు కాబట్టి, డీట్జ్‌కి కావాల్సిన సమాచారం చాలావరకు వాళ్ల దగ్గరే ఉంది. ఊళ్లోని పిల్లల మ్యూజియంవాళ్లను కలుపుకున్నాడు. రెండు ఆస్పత్రుల డాక్టర్లు, సిబ్బంది వచ్చారు. సొంత కంపెనీ నుంచి కొందరు తమ పని అయ్యాక వచ్చి చెయ్యి వేశారు.

ఆటలో పిల్లలు ఏం చేస్తారన్నది దారి చూపించింది. మూడు వంటింటి కుర్చీలు, ఒక దుప్పటి ఇస్తే పిల్లలకు అదొక కోట అవుతుంది, అంతరిక్ష నౌక అవుతుంది, లారీ అవుతుంది. మన ఇళ్లలో రెండు మంచాల మధ్య అమ్మ చీర కట్టి దాని కింద దూరి కాపురం పెట్టే పిల్లలను చూడనివాళ్లెవరు? ఆ చీర కింద ఎంత ఇరుకు! ఎంత చీకటి! గంటల తరబడి బయటికి రమ్మన్నా రారు. అంటే పిల్లలకు ఇరుకంటే భయం లేదు. చీకటంటే కూడా అంత లేదు. ఏం జరుగుతోందో తెలియకపోవడమే భయం. కథ తమది కాకపోవడం భయం.

మెషీన్‌ని మార్చే వీలు లేదు. అయస్కాంతం ఉండాలి, సొరంగం ఉండాలి, మోత ఉంటుంది, కదలకూడదు. ఈ నాలుగూ భౌతికశాస్త్రం పెట్టిన షరతులు, ఏ డిజైనరూ వీటిని తీసెయ్యలేడు. డీట్జ్ బృందం లోపల ఒక్క స్క్రూ కదపలేదు. బయట రంగు రంగుల బొమ్మల పొరలు అంటించారు. మెషీన్ మీద, గోడల మీద, నేల మీద, పైకప్పు మీద. పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆస్పత్రిలో మొదటిసారిగా దీన్ని పెట్టి చూశారు.

ఒక గది సముద్రపు దొంగల ఓడ అయింది. సొరంగం మూతి చుట్టూ ఓడ నడిపే పెద్ద చక్రం బొమ్మ. ఆ చక్రం వల్ల రంధ్రం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. గుమ్మం దగ్గర నుంచి నేల మీద చెక్క వంతెన గీశారు. దాని మీద నడిచి ఓడ ఎక్కాలి. పని అయ్యాక గదిలో ఉన్న నిధి పెట్టె తెరిచి పిల్ల తనకు నచ్చిన చిన్న బహుమతి తీసుకోవచ్చు. మరో గది అంతరిక్ష నౌక. ఇంకోచోట అడవిలో ఏరు. ఒకచోట పగడాల దిబ్బల మధ్య సముద్రపు అడుగు.

బొమ్మల సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో గొప్పగా అనిపించేది బొమ్మలు కాదు, టెక్నీషియన్ల చేతికి ఇచ్చిన మాటలు. స్కానర్ నడిపేవాళ్లకు ఒక్కో గదికీ ఒక్కో కథ రాసి ఇచ్చారు. నాటకంలో పాత్రధారికి సంభాషణలు ఉన్నట్టే. అంతరిక్ష నౌకలో పడుకున్న పిల్లకు, జాగ్రత్తగా విను, నౌక వేగం అందుకునే క్షణం నీకు తెలిసిపోతుంది అని ముందే చెబుతారు. కాసేపటికి ధనధనమని మోత మొదలవుతుంది. ఒక నిమిషం ముందు దాకా బెదరగొట్టే శబ్దం అది. ఇప్పుడు పిల్ల దాని కోసమే చెవులు రిక్కించి ఉంది. వచ్చింది! అనుకున్నట్టే వచ్చింది! 100 డెసిబెల్స్‌లో ఒక్కటీ తగ్గలేదు. తగ్గాల్సిన అవసరం లేకుండా పోయింది.

అడవి గదిలో బల్ల పడవ అవుతుంది. కదిలితే పడవ ఊగుతుంది, అందుకని కదలకుండా పడుకోవాలి. నిజంగా కదలకుండా ఉంటే చేపలు నీళ్లలోంచి ఎగిరి నీ మీదుగా దూకుతాయి, చూస్తావా అంటారు. పెద్దవాళ్లు చెప్పే కదలకు అన్న మాటకీ, దీనికీ ఎంత తేడా! మొదటిది ఆజ్ఞ. రెండోదానిలో పిల్లకు ఒక పని ఉంది, ఆ పని చేసినందుకు ఫలం ఉంది, అది ఎందుకు చెయ్యాలో కారణం కూడా ఉంది. ఆరేళ్ల మనిషికి కారణం చెప్పాలన్న గౌరవం అందులో ఉంది.

టెక్నీషియన్ల సంగతి కూడా ఆలోచించండి. రోజూ ఏడుస్తున్న పిల్లలను పట్టుకుని పడుకోబెట్టడం ఎవరికి మాత్రం ఇష్టం? గదిలో కథ మారాక వాళ్ల ఉద్యోగమూ మారింది. ఓడ కెప్టెన్ అయ్యారు వాళ్లు.

ఫలితం ఊహించినదానికంటే బాగా కనిపించింది. మత్తు ఇవ్వాల్సిన పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది. ఆస్పత్రి సేవలు ఎలా ఉన్నాయని కుటుంబాలను అడిగితే వచ్చే మార్కులు 90 శాతం పెరిగాయి. మత్తు డాక్టర్ కోసం ఎదురుచూడటం తగ్గడంతో అదే మెషీన్ మీద రోజుకు ఎక్కువమందికి స్కానింగ్ చెయ్యగలిగారు. యాజమాన్యాలకు లెక్కలు కావాలి కాబట్టి ఈ చివరిది వాళ్లను ఒప్పించడానికి బాగా పనికొచ్చింది. ఈ గదులకు అడ్వెంచర్ సిరీస్ అని పేరు పెట్టి ఇతర ఆస్పత్రులకూ కంపెనీ అందించింది.

డీట్జ్‌కి మాత్రం లెక్కలకన్నా ఇంకొకటి ఎక్కువ. ఒక రోజు పిట్స్‌బర్గ్‌లో పైరేట్ ఓడ గది బయట ఒక తల్లితో మాట్లాడుతున్నాడు. ఆమె ఆరేళ్ల కూతురికి అప్పుడే స్కానింగ్ అయింది. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి స్కర్ట్ పట్టుకుని లాగింది. రేపు మళ్లీ వద్దామా అమ్మా అని అడిగింది. 2012లో శాన్ హోసేలోని టెడ్‌ఎక్స్ వేదిక మీద ఈ సంగతి చెప్పేటప్పుడు డీట్జ్ గొంతు పూడుకుపోయింది. మరుసటి ఏడాది డేవిడ్ కెల్లీ, టామ్ కెల్లీ సోదరులు తమ పుస్తకంలో ఈ కథ రాశాక అది ప్రపంచమంతా తిరిగింది.

*

తిరిగిన కథలకు ఒక చిక్కు ఉంది. పైన కనిపించేదాన్నే అందరూ తీసుకుంటారు. పిల్లల వార్డు గోడ మీద మిక్కీ మౌస్ బొమ్మ వేసి, ఇక పిల్లలకు నచ్చేలా చేశాం అనుకునే ఆస్పత్రులు మన దగ్గరా చాలా ఉన్నాయి. బొమ్మ మంచిదే, వద్దనను. అయితే ఆ బొమ్మ ఎవరిని అడిగి వేశారు? ఇక్కడ నీకు ఏ చోట భయం వేసిందని ఒక్క పిల్లనైనా అడిగారా? సూది వేసే గది తలుపు మీద వేశారా, లేక ఫొటోలో బాగా పడుతుందని రిసెప్షన్ దగ్గర వేశారా? డీట్జ్ మొదట గోడకు రంగు వెయ్యలేదు. మొదట మోకాళ్ల మీద వంగాడు. తర్వాత డేకేర్‌లో కూర్చున్నాడు. తర్వాత నర్సులను, టెక్నీషియన్లను, చైల్డ్ లైఫ్ స్పెషలిస్టులను కూర్చోబెట్టి వాళ్లతోనే ఆలోచన చేయించాడు. రంగు డబ్బా మూత తీసింది చివర్న.

వైద్యం అందుకునేవాళ్లు, అందించేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆస్పత్రిని మార్చుకోవడాన్ని కో-డిజైన్ అంటున్నారు. ఇది పిల్లలకే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లోని లూటన్ అండ్ డన్‌స్టబుల్ ఆస్పత్రిలో 2005-06 ప్రాంతంలో తల, మెడ క్యాన్సర్ విభాగాన్ని ఇలాగే మార్చుకున్నారు. పాల్ బేట్, గ్లెన్ రాబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, కొందరు డిజైనర్లు అక్కడి రోగులతో, సిబ్బందితో కలిసి పనిచేశారు. రోగులు తాము పడ్డది కెమెరా ముందు చెప్పారు. ఆ వీడియోలను రోగులు, డాక్టర్లు, నర్సులు కలిసి కూర్చుని చూశారు. ఎక్కడెక్కడ మనసు కలుక్కుమందో గుర్తించి, ఏది ముందు సరిచెయ్యాలో కలిసే తేల్చారు.

అక్కడ బయటపడ్డవాటిలో ఒకటి బరువు చూసే మిషన్. అది రోగులందరూ కూర్చునే చోట ఉంది. గొంతు క్యాన్సర్ వచ్చినవాళ్లకు మింగడం కష్టమవుతుంది, మనిషి చిక్కిపోతాడు. పోయినసారి కంటే ఎన్ని కిలోలు తగ్గాడన్నది అతని జీవితంలో అప్పుడు అన్నిటికంటే భయపెట్టే అంకె. దాన్ని పదిమంది చూస్తుండగా మిషన్ ఎక్కి చూపించుకోవాలి. ఆ పదిమందీ కూడా అదే జబ్బుతో వచ్చి తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు. సిబ్బందిలో చెడ్డవాళ్లెవరూ లేరు. రోజూ చూసే మిషన్ కాబట్టి అది ఎక్కడుందో వాళ్ల కంటికి ఆనలేదు, అంతే. మిషన్‌ను లోపలికి, నలుగురి కంటపడని చోటికి మార్చారు. దానికి ఖర్చేముంది? అడగడానికి పట్టిన సమయం తప్ప.

కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆస్పత్రులవాళ్లు ఐడియో అనే డిజైన్ సంస్థతో కలిసి నర్సుల డ్యూటీ మారే సమయాన్ని గమనించారు. ఆ బృందంలో ఒకప్పుడు నర్సుగా చేసిన ఆమె ఉంది, నర్సుల యూనియన్ ప్రతినిధి కూడా ఉన్నారు. కొత్త షిఫ్ట్ నర్సులు వచ్చాక మొదటి 45 నిమిషాలు పాత షిఫ్ట్‌వాళ్లతో నర్సింగ్ స్టేషన్ దగ్గరే గడిచిపోతున్నాయి. చేతికందిన కాగితం ముక్కల మీద, ఒక్కోసారి వేసుకున్న యూనిఫాం మీదే వివరాలు రాసుకుంటున్నారు. ఆ ముప్పావుగంట మంచం మీది రోగికి తననెవరూ పట్టించుకోవట్లేదన్నట్టు ఉంటోంది. నర్సులు తామే ముందుకొచ్చి పద్ధతి మార్చారు. అప్పగింతలు రోగి మంచం పక్కనే, రోగి వింటుండగానే జరిగేలా చేశారు. నర్సు డ్యూటీలోకి వచ్చాక రోగిని మొదటిసారి పలకరించడానికి పట్టే సమయం సగానికి పైగా తగ్గింది.

మన ఆస్పత్రుల్లో ఇలా అడిగి చూడాల్సినవాళ్లు ఎంతమంది ఉన్నారో! ఓపీ చీటీ చేతిలో పట్టుకుని ఏ గదికి వెళ్లాలో తెలియక మెట్ల దగ్గర నిలబడే పెద్దాయన ఉన్నాడు. ఐసీయూ బయట బల్ల మీద రాత్రంతా కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడే భార్య ఉంది. స్ట్రెచర్ తోసే ఆయాకి ఏ మలుపు దగ్గర రోగికి కుదుపు తగులుతుందో, ఏ వరండాలో చలి వేస్తుందో తెలుసు. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రి లాంటి చోటికి రోజూ వచ్చే వందలమంది పిల్లలకు అక్కడ ఏది ఎలా ఉందో మనకంటే బాగా తెలుసు. వాళ్లను కమిటీలో కూర్చోబెట్టాలంటే చట్టం మార్చనక్కర్లేదు, కుర్చీలు వేస్తే చాలు. కొత్త బ్లాక్ కట్టేటప్పుడు ప్లాన్ కాగితం మీద ఆర్కిటెక్ట్, సూపరింటెండెంట్, ఇంజినీర్ సంతకాలు పెడతారు. దాని కంటే ముందు ఒక నెల రోజులు ఆ ఆయా, ఆ భార్య, ఆ పిల్ల చెప్పింది రాసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మత్తు పూర్తిగా పోయిందని ఎవరూ అనుకోవద్దు. పసికందులకు, నొప్పితో మెలికలు తిరిగేవాళ్లకు, మాట చెప్పి ఒప్పించలేని పరిస్థితిలో ఉన్న పిల్లలకు ఇప్పటికీ అది కావాలి. మిగతావాళ్లకు అక్కర్లేకపోవడం వల్ల మత్తు డాక్టర్ ఇప్పుడు వీళ్ల దగ్గర తీరిగ్గా ఉండగలుగుతున్నాడు.

పిల్లలను ముందుగా సిద్ధం చేసే పని ఇంకా కొత్త దారులు వెతుక్కుంటూనే ఉంది. డెన్మార్క్‌లో 2015లో లెగో కంపెనీ ఉద్యోగి ఒకరు ఓడెన్సే విశ్వవిద్యాలయ ఆస్పత్రితో కలిసి, లెగో ముక్కలతో చిన్న ఎమ్మారై మెషీన్ తయారుచేశారు. దానిలో జరిగే బల్ల ఉంటుంది, పడుకోబెట్టడానికి చిన్న బొమ్మ మనిషి ఉంటాడు, పక్కన టెక్నీషియన్ కూర్చునే గది ఉంటుంది. అది అంగట్లో అమ్మరు, ఆస్పత్రులకే ఇస్తారు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 600 ఆస్పత్రులకు పంపుతున్నామని ప్రకటించారు. స్కానింగ్‌కి ముందు చైల్డ్ లైఫ్ స్పెషలిస్టో, నర్సో దాన్ని పిల్ల ముందు పెడతారు. పిల్ల బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తోస్తుంది, బయటికి లాగుతుంది, మళ్లీ తోస్తుంది. ఈలోగా తనకు అడగాలనిపించినవన్నీ అడుగుతుంది. అమ్మ ఎక్కడ నిలబడుతుంది? మధ్యలో దురద పుడితే ఏం చెయ్యాలి? అరిస్తే మీకు వినబడుతుందా? నర్సు ఒక్కోదానికీ జవాబు చెబుతుంది.